సోమవారం దగ్గు

మా నాయిన దగ్గు సోమవారం నాడు ఎక్కువయ్యేది. ఆదివారం పొద్దంతా చాల్ వరండాలో కూసొని పక్కింటోళ్లతో ముచ్చట పెట్టేటోడు, బాగానే ఉండేటోడు. సోమవారం మిల్లుకు పోయి ఇంటికి వచ్చేసరికి ఛాతీ మీద బండ పెట్టినట్టు పట్టేసేది. మా ఖోలీ మూడో మాళా మీద. మెట్లెక్కుతూ మూడు చోట్ల ఆగి రొప్పేటోడు. మా అవ్వ "సోమారం శివుని వారం, ఏదో మొక్కు బాకీ ఉన్నది" అని కొబ్బరికాయ కొట్టేది. నాయినది మాత్రం ఒకటే మాట. "నొసట రాసి ఉన్నది. ఎవడు చెరుపుతడు?"

ఈ మాట మన ఇండ్లల్ల వినని పిల్లలు ఎవరుంటరు? వేలు తెగితే రాత. బోనస్ రాకపోతే రాత. ఆడపిల్లకు పెండ్లి కుదరకపోయినా రాతే. నేను మున్సిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి దాకనే చదివిన. పలక మీద రాసింది తప్పయితే ఉమ్ము పెట్టి చెరిపేటోళ్లం. నొసటి మీది రాతకు అట్ల ఉండదా అని అవ్వను అడిగి దెబ్బలు తిన్న.

నాయిన పని కార్డింగ్ ఖాతాలో. లోపలికి పోతే దుమ్ము పొగమంచు లెక్క ఉండేది. బయటికి వచ్చినోళ్ల కనుబొమ్మలు తెల్లగ ముసలోళ్ల లెక్క కనబడేవి. నేను నేత ఖాతాలో బదిలీగా చేరిన కొత్తలో, 1980లో, నాయినను ఈఎస్ఐ దవాఖానకు తీసుకపోయిన. అక్కడి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ యాదికి ఉన్నది. "ఏ వారం ఎక్కువైతది?" అన్నారు. సోమారం అన్నడు నాయిన. డాక్టరు కలం కింద పెట్టి మా దిక్కు చూసిండ్రు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్తున్న. పత్తి దుమ్ము ఏండ్ల తరబడి పీలిస్తే వచ్చే రోగం ఇది, పేరు బిస్సినోసిస్. ఒక దినం సెలవు దొరికితే ఊపిరితిత్తులు కొంచెం తెరుచుకుంటయి. మళ్ల దుమ్ములకు పోయిన మొదటి దినమే గట్టిగా పట్టుకుంటది. మొదట్ల సోమవారం ఒక్కటే ఉంటది, తర్వాత మంగళవారం కూడా, ఆఖరుకు వారమంతా. బీడీ తాగేటోళ్లకు ఇంకా చెడుపు చేస్తది. పని వల్ల వచ్చే రోగాల పట్టికలో చట్టం దీన్ని చేర్చింది, మెడికల్ బోర్డు ముందు చూపిస్తే పరిహారం అడగొచ్చు అని చెప్పి ఒక చిట్టీ రాసి ఇచ్చారు.

ఆ చిట్టీని మేము మార్కండేయ స్వామి పటం వెనక పెట్టినం. అంతే. బోర్డుకు పోలేదు. "మన కర్మకు మిల్లోళ్లేం చేస్తరు?" అన్నడు నాయిన. అవ్వ సరే అన్నది. నేనూ ఊకున్న. నిజం చెప్పాలంటే నాది కర్మ కాదు, భయం. నేను బదిలీ వాణ్ని. పొద్దున గేటు కాడ జాబర్ వేలు చూపిస్తేనే ఆ దినం కూలి. మిల్లు మీద దావా పెట్టినోని కొడుక్కు ఆ వేలు ఎందుకు చూపుతడు? ఆ భయాన్ని బయటికి చెప్పుకోలేక దానికి తలరాత అని పేరు పెట్టిన. 1986లో నాయిన పోయిండు. చిట్టీ పటం వెనకనే ఉన్నది.

ఆ పటంలో ఉన్నది ఎవరో చూడండి. మనం మార్కండేయుని వంశం అని చెప్పుకుంటం. వేసవిలో సిరిసిల్ల దిక్కు మా ఊరికి పోయినప్పుడు కూనపులి వాళ్లు వచ్చి పొడుగు పటం విప్పి ఆ కథ చెప్పేటోళ్లు. మృకండు మహర్షికి, మరుద్వతికి పుట్టిన కొడుకు. పదహారేండ్లే ఆయుష్షు అని పుట్టకముందే తేలిపోయింది. అంతకంటె గట్టి రాత ఎవని నొసట ఉంటది? గడువు నాడు యముడు వచ్చిండు. పోరడు శివలింగాన్ని రెండు చేతుల కౌగిలించుకున్నడు. పాశం పడ్డా విడవలే. అప్పుడు కదా శివుడు బయటికి వచ్చి యముణ్ని తన్నింది. అంతా శివుని దయ అంటరు అయ్యగార్లు. కాదనను, నా మీద కోపం చేయకండి. కాని ఆ పోరడు "రాసి ఉన్నది, రా యమధర్మరాజా, పోదాం" అంటే దయకు జాగ ఎక్కడిది? ఇసొంటి తాతకు దండం పెట్టుకుంట, ఆయన పటం వెనకనే మేము చిట్టీ దాచినం.

ఇంకొకటి చెప్పాలె. నాయినకు ఆ ఆదివారం సెలవు ఎక్కడి నుంచి వచ్చింది? అది గూడ ఎవరి నొసట రాసి లేదు. బొంబాయి మిల్లుల్లో ఒకప్పుడు పొద్దు పొడిచిన కాడి నుంచి పొద్దు గూకే దాకా పని, వారంలో ఒక సెలవు అన్నదే లేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన, మిల్లులో స్టోర్ కీపర్ పని చేసినాయన, జోతిబా ఫులే శిష్యుడు, 1884లో మిల్లు కార్మికుల సంఘం పెట్టిండ్రు. ఆదివారం సెలవు కావాలె, మధ్యాహ్నం అరగంట విరామం కావాలె, జీతం పదిహేనో తారీఖు లోపల ఇయ్యాలె అని రాసిన అర్జీ మీద 5,500 మంది సంతకాలు పెట్టిండ్రు. అందులో వేలిముద్రలు ఎన్నో! ఆదివారం ఖండోబా వారం, మా దేవుని దినం మాకు ఇయ్యండి అని గూడ అడిగిండ్రట. మా అవ్వ దేవుని పేరు చెప్పి ఊకున్నది, ఆయన దేవుని పేరు చెప్పి సెలవు అడిగిండు. వెంటనే ఇయ్యలేదు. ఆరేండ్లు పట్టింది. 1890 ఏప్రిల్ లో మహాలక్ష్మి దగ్గర పెద్ద సభ జరిగింది, ఆడకూలీలు గూడ లేచి మాట్లాడిండ్రు. అదే ఏడు జూన్ 10న యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నరు. ఫులే సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగ నిలిచినోళ్లల్ల వ్యంకు కాళేవార్, రామయ్య వ్యంకయ్య అయ్యవారు లాంటి మన తెలుగోళ్లు గూడ ఉన్నరు. మన పిల్లలకు ఈ పేర్లు తెలువవు.

ఆ ఆదివారమే లేకపోతే మా నాయిన దగ్గు సోమవారపు దగ్గు అని డాక్టరు ఎట్ల పట్టేటోడు?

కొట్లాడితే గెలుస్తరా అని మీరు అడుగుతరు. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో నేనున్న. రెండున్నర లక్షల మందిమి బయటికి వచ్చినం. ఓడిపోయినం. అవ్వ పుస్తె తాడు మీది బంగారం అమ్ముకున్నది. ఆ తర్వాత నేను భివండీకి వచ్చి సాంచాల మీద అదే బట్టను తక్కువ కూలికి నేసిన. మా రాత బాగలేదు అని నా తోటి వాళ్లు ఇప్పటికీ అంటరు. నేను ఒప్పుకోను. మేము సమ్మెలో ఉన్నప్పుడే మిల్లు సరుకు పవర్ లూములకు పోయింది. ఆ కాలం చట్టం ప్రకారం మాట్లాడే హక్కు గుర్తింపు ఉన్న ఒక్క యూనియన్ కే, మేము కోరుకున్న నాయకునికి కాదు. ఇవన్నీ మనుషులు చేసినవి. ఓడిపోయినం అంటే ఓడిపోయినం. దాన్ని బ్రహ్మ మీద పెడితే చేసినోళ్లు హాయిగ నిద్ర పోతరు.

మా అవ్వను మాత్రం నేను ఏమీ అనలేదు. నాయిన పోయినాక "గంతే రాసింది బిడ్డా" అనుకుంట ఆమె ఎన్నో రాత్రులు గడిపింది. పోయినోని కోసం ఆ మాట అనుకుంటె తప్పు లేదు. ఉన్నోడు దగ్గుతుంటె అంటేనే నాకు కోపమొస్తది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్ననంటె, మా గల్లీలో ఇరవై ఆరేండ్ల పిల్లగాడు ఒకడు దగ్గుతున్నడు. వేస్టు పత్తి విప్పే చిన్న కారఖానాలో పని. వాని తల్లి తాయెత్తు కట్టించింది. "మా రాత అన్నా" అన్నది నాతోని. నేను పిల్లగాణ్ని అడిగిన, ఏ రోజు ఎక్కువైతది బిడ్డా అని. కొంచెంసేపు ఆలోచించిండు. "సెలవు మరునాడు, పెదనాయినా" అన్నడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. తెల్లారి పటం వెనక చిట్టీ తీసిన. కాగితం పసుపు పచ్చగయింది, మడతల కాడ చినిగింది. ఇంగ్లీషు నాకు చదవరాదు. మా మనుమరాలు చదివింది. నాయిన పేరు, మండే అన్న మాట, దాని కింద రెండు గీతలు.

పిల్లగాని తల్లితోని తాయెత్తు ఉండనీ చెల్లె, దవాఖానకు గూడ పోదాం అన్న. కారఖానాలో పది మంది, అంతకు ఎక్కువ ఉంటే ఈఎస్ఐ కిందికి వస్తది. లెక్క పెడితే పద్నాలుగు మంది తేలిండ్రు. యజమాని కార్డు చేయించలేదు. పిల్లగాడు భయపడ్డడు, ఆ భయం నాకు బాగ తెలుసు. వానితోని పని చేసే ఇంకో ముగ్గురిని గూడ పిలిచి మాట్లాడినం. ఇద్దరు వస్తమన్నరు. మొన్న దవాఖానలో, సెలవు మరునాడు పనికి పోయే ముందు ఒకసారి, దిగినంక ఒకసారి ఊపిరి ఊది కొలిపించుకోవాలని చెప్పిండ్రు. రెండింటికి తేడా వస్తే తెలుస్తదట.

వచ్చే సెలవు మరునాడు తెల్లారి ఆరు గంటలకు ముగ్గురిని తీసుకొని పోతున్న. కార్డు లేకపోయినా ముందు ఊపిరి కొలిపిద్దాం, కార్డు సంగతి ఆ వెంటనే అడుగుదాం అన్న. వాని తల్లి గూడ వస్తనన్నది.