ఖాళీ గాలానికి జాతకం చూడక్కర్లేదు

గాలానికి చేప పడని రోజున మన నోట వచ్చే మొదటి మాట, పొద్దున్నే ఎవరి మొహం చూశానో అని. పక్కన నిలబడ్డవాడికి వరసగా రెండు పడితే వాడు నక్క తోక తొక్కి వచ్చినట్టు. ఈ రెండు మాటల్లోనూ మొహం ఉంది, నక్క ఉంది, సముద్రం మాత్రం లేదు. విశాఖ, భీమిలి, సూర్యలంక లాంటి ఇసుక తీరాల్లో సరదాకి రాడ్డూ రీలూ పట్టుకుని నిలబడే కొత్తవాడికి దొరికే సలహా కూడా ఇలాంటిదే. ఓపిక పట్టు, ఎప్పటికో అప్పటికి పడుతుంది అంటారు. సలహా మంచిదే కానీ సగం జబ్బుకే మందు. ఖాళీ గాలాల్లో రెండు రకాలున్నాయి. ఒకటి, కారణం ఉండి ఖాళీగా వచ్చేది. దానికి ఓపిక పడితే ఆ ఖాళీ సాయంత్రం దాకా సాగుతుంది, అంతే. రెండోది, చేయవలసినవన్నీ చేసినా నిజంగానే కలిసిరానిది. ఓపిక పనికొచ్చేది అక్కడ. కొత్తవాడు ఈ రెంటినీ తారుమారు చేసుకుంటాడు. మార్చుకోవలసిన చోట బిగుసుకుని కూర్చుంటాడు, కూర్చోవలసిన చోట అన్నీ మార్చేస్తాడు.

మొదటి రకం ఖాళీ సంగతి తెలియాలంటే నీళ్ల కింద ఏముందో చూడాలి. ఒడ్డున నిలబడితే సముద్రపు అడుగు ఒకే వాలుగా లోతుకి దిగిపోతున్నట్టు అనిపిస్తుంది. చాలా ఇసుక తీరాల్లో అలా ఉండదు. అలలు ఇసుకని తవ్వి, కాస్త దూరంలో ఒడ్డుకి సమాంతరంగా తిన్నె పోస్తాయి. ఆ తిన్నెకీ ఒడ్డుకీ మధ్య లోతైన గాడి మిగులుతుంది. దీన్ని పైనుంచే గుర్తుపట్టొచ్చు. లోతు తగ్గినచోట అల విరుగుతుంది కాబట్టి తిన్నె ఉన్న చోట తెల్లటి నురగ వరస కనిపిస్తుంది. దాన్ని దాటిన అల గాడి మీదికి రాగానే నెమ్మదించి, మళ్లీ ఒడ్డు దగ్గర విరుగుతుంది. ఆ రెండు నురగల మధ్య కాస్త ముదురు రంగులో, నున్నగా కనిపించే పట్టీయే గాడి. అలలు కుళ్లగించిన ఇసుకలోంచి బయటపడ్డ పురుగులు, చిన్న పీతలు, రొయ్య పిల్లలు అక్కడికే చేరతాయి. వాటికోసం చేపలూ వస్తాయి, ఒక్కోసారి మోకాలి లోతు నీళ్ల దాకా. కొత్తగా రాడ్డు కొన్నవాడికి మాత్రం చేప అంటే దూరాన, లోతున ఉండేదని నమ్మకం. బలమంతా పెట్టి విసిరి, చేపలు మేస్తున్న గాడిని దాటించి, ఎరని తీసుకెళ్లి తిన్నె మీది నురగలో పడేస్తాడు. విసురు ఎంత దూరం పోతే అంత గర్వం. ఆ గర్వాన్ని గంటలకొద్దీ కాపలా కాసినా ఏమొస్తుంది?

గాడి దొరికినా ఎర అక్కడ నిలవాలి. నైరుతి గాలుల కాలంలో మన తీరం వెంబడి నీటి ఒరవడి ఈశాన్య దిక్కుగా ఇసుకని మోసుకుపోతుంటుంది. విశాఖ ఔటర్ హార్బర్ గోడలు ఆ ఇసుక నడకకి అడ్డుపడ్డాక ఆర్కే బీచ్ కోతకి గురవడం, పూడిక తీసిన ఇసుకని తెచ్చి అక్కడ పోయాల్సి రావడం దీనివల్లే. ఒక బీచ్‌నే కోసేసే ఒరవడి ముందు గుండ్రటి సీసం గుండు ఏపాటి? అది అడుగున దొర్లుతూ పోతుంది, నైలాన్ దారం పక్కకి వాలిపోతుంది, కాసేపటికి ఎర ఒడ్డు నురగలో తేలుతుంది. పలకలున్న సీసమైతే ఇసుకలో గుచ్చుకుని ఆగుతుంది. ఇక గాలం సైజు. గాడిలో మేసే చేపల్లో చాలావాటికి నోరు చిన్నది. వాటికి పెద్ద గాలం వేసి, బొటనవేలంత రొయ్య గుచ్చితే జరిగేది ఇది: రాడ్డు కొస టకటకా రెండుసార్లు వణుకుతుంది, ఆగిపోతుంది. కొత్తవాడు ఊపిరి బిగబట్టి చూస్తూ ఉంటాడు. చాలాసేపటికి చుట్టి చూస్తే గాలం కడిగినట్టు మెరుస్తుంటుంది, తోక దగ్గర పెంకు ముక్క ఒకటి వేలాడుతుంటుంది. కొరికింది చిన్న చేప కావచ్చు, పీత కావచ్చు. ఏదైనా అప్పటినుంచీ అతను ఓపిక పట్టింది ఉత్త ఇనప ముక్కతో. కొద్ది నిమిషాలకొకసారి చుట్టి చూసుకుంటే తప్పే నష్టం ఇది. ఎరని ఐసులో పెట్టకుండా ఎండలో వదిలేసినా అదే గతి, మెత్తబడిన రొయ్య విసురుకే జారిపోతుంది.

వేళ సంగతి ఇంకా తమాషా. మన తీరంలో పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, చంద్రుడి వెంటే రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఉద్యోగస్తుడు వేటకి వెళ్లేది ఆదివారమే. పోయిన ఆదివారం పొద్దున ఆరింటికి బాగా పడ్డాయని ఈ ఆదివారమూ ఆరింటికే వెళ్తాడు. ఏడు రోజుల్లో ఏడు యాభైలు, అంటే దాదాపు ఆరు గంటల తేడా. అప్పుడు పోటు నిండుగా ఉన్న వేళకి ఇప్పుడు నీళ్లు పూర్తిగా తీసి ఉంటాయి. గడియారం అదే, తీరం అదే, సముద్రం వేరు. ఒక వారం అదృష్టం, మరుసటి వారం శని అని అతను చెప్పుకునే దాంట్లో చాలాభాగం ఈ లెక్కే. పోటు ఎక్కుతున్నప్పుడు అంతవరకు ఆరిన ఇసుక మీదికి నీళ్లు వస్తాయి, అందులోని పురుగులూ పీతలూ చేపలకి అందుతాయి. భీమిలిలో గోస్తనీ కలిసే చోటు లాంటి మొగల దగ్గర దీనికి ఎదురు. నీళ్లు తీస్తున్నప్పుడు నదిలోంచి కొట్టుకొచ్చే రొయ్య పిల్లల కోసం పెద్ద చేపలు మొగ దగ్గర కాపు కాస్తాయి. పోటు వేళల పట్టికలు సర్వే ఆఫ్ ఇండియా ఏటా ప్రచురిస్తుంది. అది లేకపోయినా పంచాంగం చాలు. అమావాస్య నాటి పోటు, పౌర్ణమి నాటి పోటు ఒక్కో ఊళ్లో ఎప్పుడూ దాదాపు ఒకే వేళకి వస్తాయి, ఆ రోజుల్లోనే పెద్దవిగానూ ఉంటాయి. అష్టమి దాపుల్లో పోటుకీ పాటుకీ తేడా బాగా తగ్గిపోతుంది. వారఫలాల కంటే తిథి చూసుకోవడం మేలు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. గాడీ, పోటూ, ఒరవడీ చిన్ననాటినుంచీ ఎరిగిన జాలరికి మాత్రం ఖాళీ రోజులు లేవా? ఊరంతా కలిసి ఒడ్డుకి లాగిన అలివి వలలో నాలుగు కవ్వళ్లు తప్ప ఏమీ లేని రోజులు లేవా? ఉన్నాయి. అదృష్టమే లేదనడం నా వాదన కాదు, దాని వాటా ఎంతో విడదీసి చూడాలనే. మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి, అక్కడి వేటగాళ్లలో ఒక తేడా గమనించాడు. దీవిని ఆనుకున్న నిలకడ నీటి మడుగులో చేపలు పట్టడం తేలిక, ఫలితం ఖాయం. అక్కడ వాళ్లు మంత్రాల జోలికి పోరు. బయటి సముద్రంలో ప్రమాదం ఎక్కువ, ఫలితం అనుమానం. ఆ వేటకి మాత్రం పెద్ద తంతు ఉంటుంది. విశాఖ జాలరిపేటల్లో వేట పడని రోజుల్లో అమ్మవారికి ఏం లోటు జరిగిందోనని అడిగించుకోవడం కూడా ఈ కోవలోదే. కెరటాలు దాటి లోపలికి పోయేవాడికి అందులో అర్థం ఉంది, తన చేతిలో ఉన్నదంతా చేశాక మిగిలిన భాగాన్నే అతను అమ్మవారికి అప్పగిస్తున్నాడు. ఒడ్డున నిలబడ్డ కొత్తవాడు సీసం గుండు కూడా సరిచూసుకోకుండానే ఆ మెట్టు ఎక్కేస్తాడు.

మిగిలిన ఆ భాగం ఎంత పెద్దదో ఊహించుకోవడానికి ఒక లెక్క వేద్దాం. అన్నీ సరిగ్గా చేసినవాడికి ఒక గంటలో చేప పడే అవకాశం నాలుగింట ఒకటి అనుకుందాం. నాలుగు గంటలు నిలబడితే ఒకటైనా ఖాయమనిపిస్తుంది. కాదు. ఒక గంట ఖాళీగా పోయే అవకాశం నాలుగింట మూడు, దాన్ని నాలుగుసార్లు హెచ్చిస్తే 256కి 81 వస్తుంది, అంటే నూటికి దాదాపు 32. తప్పేమీ చేయకపోయినా మూడు పూటల్లో ఒకటి ఖాళీయే. వరసగా రెండు పూటలు ఖాళీ రావడం కూడా పదింట ఒకసారి జరగవలసిందే. మూడు గంటలు పడలేదు కాబట్టి నాలుగో గంటలో పడి తీరాలన్న ఆశకీ ఆధారం లేదు, చేపలకి బాకీ లెక్కలుండవు.

ఈ ఖాళీని తట్టుకోలేకే కొత్తవాడు చోటు, ఎర, గుండు అన్నీ ఒక్కసారి మార్చేస్తాడు. ఆ తర్వాత చేప పడితే దేనివల్ల పడిందో తెలియదు, ఆవేళ పెట్టుకున్న టోపీ వల్లేనని కూడా అనిపించవచ్చు. 1948లో బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త ఆకలిగా ఉన్న పావురాలకి, అవి ఏం చేసినా చేయకపోయినా, నిర్ణీత వ్యవధుల్లో మేత అందేలా ఏర్పాటు చేశాడు. ఎనిమిదింట ఆరు తలా ఒక వింత అలవాటు పట్టాయి. ఒకటి గుండ్రంగా తిరిగేది, ఒకటి తలని పెట్టె మూలకి విసిరేది. మేత వచ్చిన క్షణాన తాము చేస్తున్న పనే మేతని తెచ్చిందన్నట్టు ప్రవర్తించాయని స్కిన్నర్ అన్నాడు. ఆ ప్రవర్తనని వేరే విధంగా వివరించినవాళ్లు తర్వాత వచ్చారు కానీ, గాలం పట్టినవాళ్లని చూస్తే స్కిన్నర్ మాటే నిజమనిపిస్తుంది. ఒక్కోసారి ఒక్కదాన్నే మార్చి, కాసేపు ఆగి, ఫలితం చూడటం దీనికి విరుగుడు. ఆ ఆగడమే అసలైన ఓపిక. కొంగ జపం అని మనం వెక్కిరిస్తాం గానీ, కొంగ ఊరికే నిలబడదు. దాని కన్ను నీళ్ల మీదే ఉంటుంది, చేప కదలని చోటినుంచి రెండడుగులు జరుగుతుంది.

మరి కొత్తవాడికే మొదటి రోజే పెద్ద చేప పడిందనే కథలో? అవి అబద్ధాలు కానక్కర్లేదు. మొదటి రోజు ఏమీ పడనివాళ్లలో చాలామంది రాడ్డుని అటక మీద పెట్టేస్తారు, వాళ్ల కథ ఎవరూ అడగరు. పడినవాడు వేట కొనసాగిస్తాడు, పదేళ్ల తర్వాత కూడా ఆ రోజు గురించే చెబుతాడు. ఫొటోలదీ అదే తీరు, చేప ఉన్న ఫొటోయే పదిమందికీ చేరుతుంది, ఖాళీ సంచి ఫొటో ఎవరు తీస్తారు? పైగా మొదట పడేది పండుగొప్ప కాకుండా జెల్ల కావచ్చు. వీపు మీదా రెక్కల దగ్గరా ఉండే దాని ముళ్లు గుచ్చుకుంటే విషపు పోటు గంటల తరబడి సలుపుతుంది. ఆ అదృష్టాన్ని ఉత్త చేత్తో పట్టుకోకూడదు.

ఇంకొకరు అనవచ్చు, అసలు సముద్రంలోనే చేప తగ్గిపోతుంటే గాడి చూసి, తిథి చూసి ఏం లాభమని. ఈ మాటలో బలముంది. చేప గుడ్లు పెట్టే కాలంలో ఊపిరి తీసుకోనివ్వాలనే కదా, తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటని ఆపేది. పై లెక్కలో గంటకి నాలుగింట ఒకటి ఉన్న అవకాశాన్ని ఎనిమిదింట ఒకటి చేసి చూడండి. నాలుగు గంటల పూట ఖాళీగా పోయే అవకాశం 32 నుంచి 59కి ఎగబాకుతుంది. అయితే ఇది కూడా ఒకరి జాతకం కాదు, ఆ తీరం స్థితి. కొత్తవాడి చేతిలో లేని కారణం కాబట్టి ఇక్కడ అతను చేయగలిగింది ఓపిక పట్టడమే. గాలి కోసం, తీరిక కోసం వచ్చినవాడికి ఈ లెక్కలన్నీ ఎందుకన్న ప్రశ్న కూడా ఉంది. నిజమే, అతనికి అక్కర్లేదు. కానీ అతను దురదృష్టమని వాపోడు కూడా.

ఒక్క చోట మాత్రం ఈ తెలివి కొత్తవాడిని ప్రమాదంలోకి తోయవచ్చు. తిన్నె మధ్యలో అక్కడక్కడా తెగిన చోట్లుంటాయి. తిన్నె దాటి వచ్చిన నీళ్లన్నీ ఆ సందుల్లోంచే వేగంగా సముద్రంలోకి వెనుదిరుగుతాయి. నురగ లేకుండా ముదురు రంగులో కనిపించే ఆ సందు దగ్గర చేప బాగా పడుతుంది, ఈతకి దిగినవాళ్లని లోపలికి లాగేసేదీ అదే. దక్షిణాన ఎక్కడో హిందూ మహాసముద్రంలో రేగిన తుఫాను అలలు, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉండి ఆకు కదలని రోజున కూడా మన ఒడ్డుని తాకవచ్చు. అలాంటి ఎత్తైన అలల గురించి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ముందుగానే హెచ్చరికలు ఇస్తుంది. ఆ హెచ్చరిక ఉన్న రోజున తీరానికే పోకూడదు. మామూలు రోజుల్లో కూడా నడుం లోతుకి దిగి విసరాల్సిన పని లేదు, గాడి ఎలాగూ ఒడ్డుకి దగ్గరే ఉంటుంది.