ప్రక్క తడుపు బిడ్డ: బాల్య మధుమేహము

మధుమేహము పెద్దలకు, అందునను కలిగినవారికి మాత్రమే వచ్చు వ్యాధి యని పలువురి తలంపు. పిల్లలకు వచ్చు మధుమేహము వేరొకటి కలదు. వైద్యులు దానిని మొదటి రకపు మధుమేహ మందురు. జీర్ణాశయమునకు వెనుక నుండు క్లోమగ్రంథిలో ఇన్సులిన్ అను ద్రవమును పుట్టించు కణములను, దేహమును రక్షింపవలసిన శక్తియే పొరపాటున నాశనము చేయును. బిడ్డ బెల్లము తిన్నందున ఇది రాదు. తల్లి పెంపకములోని లోపమును కాదు.

ఇన్సులిన్ లేనిచో అన్నమునుండి పుట్టిన చక్కెర దేహమునకు వినియోగపడక రక్తముననే నిలిచి, నీటిని వెంటగొని మూత్రమున పోవును. అందుచేత బిడ్డ మాటిమాటికి నీరడుగును. ఎంత తినినను చిక్కిపోవును. ప్రక్క తడుపుట మానిన బిడ్డ మరల తడుప నారంభించును. మూత్రము పోసినచోట చీమలు పట్టుటయు కలదు. పిదప శరీరము తన కొవ్వునే కరిగించుకొనును. అందుండి పుట్టు ఆమ్లములచే వాంతులు, కడుపునొప్పి, లోతైన వేగపు ఊపిరి, నోట మాగిన పండ్ల వాసన, తుదకు స్పృహ తప్పుట సంభవించును. చూచువారికి ఇది మన్యపు జ్వరమనియో, గాలి సోకినదనియో తోచును. 1922లో టొరాంటో నగరమున ఇన్సులిన్ చికిత్స మొదలగునంతవరకు ఇట్టి బిడ్డలు ఎక్కువకాలము బ్రతికెడివారు కారు. నేడు మందున్నది, ఆలస్యమే ప్రాణాంతకము.

ఈ ఆలస్యమును తగ్గింప వీలగునా యని పరిశోధించినవారిలో ఇటలీ దేశమందలి పార్మా నగరపు శిశువైద్యుడు మౌరిత్సియో వనెల్లి ముఖ్యుడు. ఆయనయు సహచరులును ఆ మండలమందలి 177 పాఠశాలలలో ఒక గోడపత్రిక నంటించిరి. దప్పిక, అతిమూత్రము, మరల ప్రక్క తడుపుట అను గుర్తులు అందు తెలుపబడినవి. వైద్యులకు చక్కెర పరీక్షించు సాధనము లొసగిరి. 1999లో వారు ప్రకటించిన వ్యాసములోని లెక్కలు గమనింపదగినవి. ప్రచారము లేని ఇరుగుపొరుగు మండలములలో రోగనిర్ణయమునకు సగటున 28 దినములు పట్టగా, పార్మాలో 5 దినములే పట్టెను. అచ్చట 30 మంది పిల్లలలో 25 మంది ఆమ్లవిషముతో ఆసుపత్రి చేరిరి. పార్మాలో 24 మందిలో ముగ్గురు మాత్రమే. క్రొత్త ఔషధమేదియు దీనికి కారణము కాకపోవుట విశేషము.

పార్మాలో వైద్యుడు సమీపముననే యుండును. బస్తరు దక్షిణపు కొసన, సుక్మా జిల్లా కుంట ప్రాంతమందలి మరైగూడ వంటి గ్రామములకు ఆ సదుపాయము లేదు. వానకాలమున వాగు పొంగినచో ఒక దినమే పోవచ్చును. కనుక అచ్చట పాఠశాల ఉపాధ్యాయుడును, గ్రామ ఆరోగ్య సేవికయగు మితానిన్‌యు ఈ గుర్తులు ముందెరుగుట మరింత అవసరము. గోడపత్రిక తెలుగులోను, కోయభాషలోను ఉండవలెను. ఇంకొక సులభోపాయమును కలదు. ఆ ప్రాంతమున జ్వరము వచ్చిన బిడ్డకు మలేరియా పరీక్షకై వ్రేలు గుచ్చుట అలవాటే. దప్పికయో, వాంతులో, ఆయాసపు ఊపిరియో కూడ ఉన్నచో ఆ గాటునుండియే మరియొక చుక్క తీసి చక్కెర చూడవచ్చును. ఈ గుర్తులతో పాటు చక్కెర 200 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని ఉన్నచో, తెల్లవారువరకు వేచియుండక నాడే ఆసుపత్రికి కొనిపోవలెను.

నీరసమునకని ఊరిలో గ్లూకోజు సీసా ఎక్కించుట మిక్కిలి హానికరము. అది రక్తమందలి చక్కెరను మరింత పెంచును. ఆసుపత్రిలో మొదట లవణజలమును కొలతప్రకారము మెల్లగా నెక్కించి, సుమారొక గంట పిమ్మట ఇన్సులిన్ ప్రారంభింతురు. పొటాషియమును కూడ చూచుచుందురు. చికిత్సా సమయమున మెదడు వాచు ప్రమాదము కలదు గనుక బిడ్డను గంటగంటకు కనిపెట్టి యుండవలెను. ఇది ఇంట జరుగు చికిత్స కాదు.

ఇల్లు చేరిన పిదప ఇన్సులిన్ నిత్యము వేయవలెను. జ్వరము వచ్చి బిడ్డ అన్నము తినని దినమున పలువురు మాన్పుదురు. అదియే మరల ఆసుపత్రికి దారి తీయును. అట్టి దినమున మోతాదును వైద్యు నడిగి మార్చవచ్చును గాని పూర్తిగా మానరాదు. మందును చల్లగా దాచుట మరియొక చిక్కు. విద్యుచ్ఛక్తి లేని యిండ్లకు తడి మట్టికుండ ఉపకరించునని గ్రాహమ్ ఓగిల్ మున్నగువారు 2016లో ప్రకటించిన పరిశోధన తెలుపుచున్నది. సీసాను నీరు చొరని సంచిలో కట్టి, కుండను నీడలో గాలి తగులుచోట నుంచవలెను. మంచుగడ్డకు తాకించి గడ్డకట్టిన మందును మాత్రము కరగిన తరువాతనైనను వాడరాదు.