"గూగుల్లో ఉందిగా" అంటే చాలదండీ!

గోదారి పెరుగుతోందని కబురొస్తే మన లంకల్లో ముందు ఏం సర్దుతారు? పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు. అన్నీ ఓ సంచీలో మూటకట్టి అటకెక్కిస్తారు. బియ్యం బస్తా సంగతి ఆ తర్వాతే. బియ్యం ఎవరైనా పెడతారు గానీ, పోయిన కాయితం మళ్ళీ పుట్టాలంటే ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో మన పెద్దోళ్ళకి బాగా తెల్సు.

ఇయ్యాల ఆ కాయితాల్లో సగం మెయిల్లోకి ఎల్లిపోయాయి. ఆఫర్ లెటరు, జీతం స్లిప్పు, ఫారం 16, బేరం ఒప్పుకున్న మాట, సరుకు పంపాల్సిన తేదీ, అన్నీ అక్కడే. మరి వాటిని ఎవరు అటకెక్కిస్తున్నారు? అడిగితే "గూగుల్లో ఉందిగా" అంటారు. నా గొడవంతా ఆ ఒక్క మాట మీదే.

నేను రాజమండ్రి చుట్టుపక్కల చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు చూస్తానండి. కడియం వైపు నర్సరీలు, రైసు మిల్లులు, రొయ్యల యాపారం చేసేవాళ్ళు నాకు తెల్సినోళ్ళు. నర్సరీనే తీసుకోండి. ఏ రాష్ట్రానికి ఎన్ని మొక్కలు, ఏ సైజు, రేటెంత అన్నది మెయిల్లో ఉంటది. లారీ ఎప్పుడు కదలాలో క్యాలెండర్లో ఉంటది. ఆ రెండూ పోతే తోటలో మొక్క ఉన్నా, అది ఎవరిదో, డబ్బు ఎవరు బాకీయో చెప్పడానికి నోటి మాట తప్ప ఆధారం ఉండదు.

సింకు వేరు, బ్యాకప్పు వేరు

మనోళ్ళు ఎక్కువగా తికమక పడేది ఇక్కడే. ఫోన్లోనూ కంప్యూటర్లోనూ ఒకే మెయిలు కనపడుతుంటే రెండు కాపీలు ఉన్నాయనుకుంటారు. కాదండీ. అది ఒకే చెరువుకి రెండు రేవులు ఉన్నట్టు. చెరువు ఎండితే రెండు రేవుల్లోనూ నీళ్ళుండవు. ఫోన్లో మెయిలు డిలీట్ చేస్తే కంప్యూటర్లోనూ పోద్ది. జీమెయిల్ చెత్తబుట్టలో 30 రోజులు ఉంటది, ఆ తర్వాత అదీ ఖాళీ.

ఇంకో రెండు ముచ్చట్లు. ఉచితంగా ఇచ్చే 15 జీబీ జాగా మెయిలుకి ఒక్కదానికే కాదు, ఫోటోలకీ డ్రైవ్‌కీ కలిపి. పెళ్ళి వీడియోలతో అది నిండితే, రావాల్సిన మెయిలు రాకుండా ఆగిపోద్ది. రెండేళ్ళు ముట్టుకోని సొంత అకౌంటుని తీసేసే హక్కు గూగుల్ 2023లో తన నిబంధనల్లో పెట్టుకుంది. ఉచితంగా ఇచ్చిన గదికి తాళంచెవి మన దగ్గరే ఉంటదనుకోకూడదు.

2022 నేర్పిన పాఠం

కోనసీమోళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు. 2022 మే 24న అమలాపురంలో గొడవలు జరిగాక రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి దగ్గర్నుంచి పని చేసుకునే కుర్రోళ్ళు సిగ్నల్ కోసం ఊళ్ళు పట్టుకు తిరిగారు. మెయిలంతా మబ్బులోనే పెట్టుకున్నోడికి ఆ రోజుల్లో పాత బిల్లు చూసుకోడానికి కూడా దారి లేదు.

ఆ గొడవ సర్దుకుని రెండు నెలలు కాకుండానే జులైలో వరదొచ్చింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక ఊళ్ళ ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. కాపీ అంతా ఇంట్లో కంప్యూటర్లోనే పెట్టుకున్నోడికి ఇది అవతలి వైపు దెబ్బ.

మే నెల చెప్పింది ఏంటంటే, కాపీ ఒకటి చేతికి అందేలా ఉండాలి. జులై చెప్పింది ఏంటంటే, ఇంకోటి ఇంటికి దూరంగా ఉండాలి. కంప్యూటర్ పనోళ్ళు దీన్నే 3-2-1 అంటారు. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి వేరే ఊళ్ళో. అసలు మెయిలు ఒకటి, బయట పెట్టుకునే హార్డ్‌డిస్కు ఒకటి, గట్టుకి దూరంగా ఉన్న అక్క ఇంట్లో ఇంకోటి. ఇంతే లెక్క.

ఎలా తీయాలి

జీమెయిల్ వాడేవాళ్ళకి "గూగుల్ టేకౌట్" అని ఒకటుంది, పైసా ఖర్చు లేదు. అందులో మెయిలు, క్యాలెండరు ఈ రెండిటికే టిక్కు పెట్టండి. లింకు మెయిల్లో వస్తది, కొన్ని రోజులకి గడువు తీరిపోద్ది కాబట్టి ఎంటనే దింపుకోండి. మెయిళ్ళు ఎంబాక్స్ ఫైలుగా, క్యాలెండరు ఐసీఎస్ ఫైలుగా వస్తాయి. ఎంబాక్స్ తెరవడానికి థండర్‌బర్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దానికి ఇంపోర్ట్ యాడాన్ ఒకటి కలుపుకోవాలి. ఐసీఎస్ ఏ క్యాలెండర్లోకైనా ఎక్కుద్ది.

ఆఫీసుల్లో వాడే పాత ఔట్‌లుక్ అయితే ఫైల్ మెనూలో ఓపెన్ అండ్ ఎక్స్‌పోర్ట్, అక్కణ్ణుంచి ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్. పీఎస్టీ ఫైలు ఎంచుకుని, అన్నిటికంటే పైనున్న అకౌంటు పేరు మీద నొక్కి, లోపలి ఫోల్డర్లు కూడా కావాలని టిక్కు పెట్టాలి. ఇన్‌బాక్స్ ఒక్కటే ఎంచుకుంటే క్యాలెండరు రాదు, పంపిన మెయిళ్ళూ రావు. కొన్ని ఆఫీసుల్లో గత ఏడాది మెయిళ్ళే కంప్యూటర్లోకి దిగేలా సెట్టింగు ఉంటది. ముందు దాన్ని "అన్నీ" అని మార్చి, దిగేదాకా ఆగండి. లేపోతే పాతవి కాపీలో ఉండవు.

తీసిన కాపీని ఓసారి తెరిచి చూడాలి. వేరే కంప్యూటర్లో పెట్టి, పాత మెయిలు ఒకటి, పోయినేడాది మీటింగు ఒకటి కనపడితేనే అది బ్యాకప్పు. తెరవని కాపీ మొలక చూడని విత్తనం లాంటిది. ఆ డిస్కుకి పాస్‌వర్డు కూడా పెట్టండి. అందులో మనవే కాదు, పక్కోళ్ళ ఆధార్ కాపీలు కూడా ఉంటాయి.

కంపెనీ కంప్యూటరైతే?

హైదరాబాదులోనో బెంగుళూరులోనో పని చేసే మన పిల్లలకి ఇది ముఖ్యం. కంపెనీ మెయిలు కంపెనీదే. దాన్ని పెన్‌డ్రైవులో ఎక్కించుకుని ఇంటికి తెస్తే, బ్యాకప్పు అని మనం అనుకున్నా వాళ్ళు దొంగతనం అనొచ్చు. ఐటీ విభాగాన్ని అడిగి, వాళ్ళు చెప్పిన చోటే పెట్టండి.

అయితే మనవి మనకుండాలి కదా. ఉద్యోగం తీసేసినరోజే లాగిన్ ఆపేసే చోట్లున్నాయి. పొద్దున్న పని చేసిన పాస్‌వర్డు మధ్యాహ్నానికి పని చెయ్యదు. ఆ తర్వాత జీతం స్లిప్పు కావాలంటే ఎవర్ని అడగాలో తెలీదు, పీఎఫ్ దగ్గర, బ్యాంకు లోను దగ్గర ఆగిపోవాలి. అందుకే నియామక పత్రం, స్లిప్పులు, ఫారం 16, పీఎఫ్ నంబరు, ఇలా మన పేరున ఇచ్చినవి వచ్చిన నెలలోనే సొంత మెయిల్లోకి తెచ్చుకోవాలి. మీ పెళ్ళిరోజు, అమ్మ డాక్టరు దగ్గరకెళ్ళే తేదీ కంపెనీ క్యాలెండర్లో రాసుకోవద్దు, అవీ దాంతోపాటే పోతాయి.

ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. మనకి సర్దుకోడానికి టైముంటది. హార్డ్‌డిస్కు పోయే ముందు అలా మూడుసార్లు చెప్పదు. అందుకని హెచ్చరిక మనమే పెట్టుకోవాలి. నెలకో ఆదివారం అనుకుని, క్యాలెండర్లోనే రాసుకోండి. డిస్కు కొనాలంటే ఖర్చే, కాదన్ను. నలుగురు స్నేహితులు కలిసి ఒకటి కొనుక్కుని, ఎవరి భాగానికి వాళ్ళు పాస్‌వర్డు పెట్టుకున్నా సరిపోద్ది. ఆయ్, ఈ ఆదివారమే మొదలెట్టండి.