దుబాయ్ ఆఫీసుల నడుమ రంగుల విడిది

దుబాయ్ షేక్ జాయెద్ రోడ్డు అంటే అద్దాల మేడలు, ఆఫీసుల హడావిడి. వాటి మధ్య, వరల్డ్ ట్రేడ్ సెంటర్ ప్రాంతంలోని 'ట్వంటీఫైవ్ అవర్స్' హోటల్ మాత్రం రంగులమయం. ఎడారి సంచారుల కథా సంప్రదాయమే దాని అలంకరణకు మూలం. ఎదురుగా 2022లో తెరిచిన మ్యూజియం ఆఫ్ ది ఫ్యూచర్. మెట్రో రెడ్ లైన్ దగ్గరే. మన భోజనం కావాలంటే కరామా ఎంతో దూరం లేదు.

ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే సింగిల్ బెడ్‌రూం ఫ్లాట్ సరిపోక, ఒకట్రెండు రాత్రులు ఇలాంటి ట్రెండీ హోటళ్లలో గది తీసుకునే తెలుగు కుటుంబాలు కొన్ని సంగతులు ముందే చూసుకోవాలి. ఈ తరహా హోటళ్లలో కొన్నిచోట్ల స్నానాల గదికి గాజు తెరే గోడ. పెద్దవాళ్లకు అది ఇబ్బంది. ఫొటోలు చూసి, ఫోన్ చేసి అడిగాకే బుక్ చేయండి. రాత్రి సంగీతం హోరు వినపడని గది కోరండి. అందరి పాస్‌పోర్టులు లేదా ఎమిరేట్స్ ఐడీలు వెంట ఉంచుకోండి. అద్దెకు తోడు టూరిజం దిర్హామ్ ఉంటుంది: గదికి రాత్రికి నాలుగు నక్షత్రాల హోటల్లో 15, ఐదు నక్షత్రాలైతే 20 దిర్హాములు. ట్రేడ్ సెంటర్‌లో పెద్ద ప్రదర్శనలున్న వారం అద్దెలు పెరుగుతాయి, తేదీలు చూసుకోండి.

రంగులు చూసి పిల్లలు మురిసిపోతారు. పెద్దలకు కావాల్సింది మాత్రం మొహమాటం లేని గది, నిశ్చింతగా నిద్ర.