లైవ్ వస్తోంది సరే... రికార్డ్ అవుతోందా?

ఉగాది వెళ్లిన వారానికి పొద్దున్నే నాన్న ఫోన్. ‘‘ఒరేయ్, పెరట్లో నీళ్ల మోటారు ఎవడో ఎత్తుకుపోనాడు. ఆ కెమెరాల సూడు, తెలిసిపోద్ది’’ అన్నారు.

నాది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమ్మానాన్నలు సోంపేట దగ్గర మా ఊళ్లో ఉంటారు. రోజూ ఫోన్‌లో లైవ్ చూసుకుని ధైర్యంగా ఉండేవాడిని. ఆ రోజు ప్లేబ్యాక్ నొక్కితే ఖాళీ! చివరి వీడియో సంక్రాంతి ముందుది. అప్పటికే హార్డ్‌డిస్క్ పోయింది. లైవ్‌కి డిస్క్‌తో పనిలేదు కాబట్టి బొమ్మ మాత్రం చక్కగా వస్తూనే ఉంది. అసలు విషయం ఏంటంటే, పండక్కి వెళ్లినప్పుడు డీవీఆర్ బీప్ బీప్‌మంటోందని బజర్ ఆపేసింది నేనే. అది చెబుతున్న మాట వినకుండా నోరు మూయించానన్నమాట.

పిల్లలు సిటీలో, పెద్దవాళ్లు ఊళ్లో... శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇలాంటి ఇళ్లు చాలానే. మీదీ అలాంటిదే అయితే ఇవి ఒకసారి చూసుకోండి.

రికార్డింగ్ లేదా?
మెనూలో స్టోరేజ్ తెరిచి డిస్క్ కనిపిస్తోందో లేదో చూడండి. లేకపోతే ప్లగ్ తీసేసి, లోపల డిస్క్ కేబుళ్లు గట్టిగా పెట్టి చూడండి. మార్చాల్సి వస్తే, రోజంతా రాయడానికి తయారైన సర్వైలెన్స్ డిస్కే కొనండి. ‘ఫార్మాట్’ నొక్కితే పాతవన్నీ పోతాయి, జాగ్రత్త. ‘ఓవర్‌రైట్’ ఆన్‌లో లేకపోతే డిస్క్ నిండగానే రికార్డింగ్ ఆగిపోతుంది. నాలుగు కెమెరాలు, ఒక్కోటి 2 ఎంబీపీఎస్ అయితే రోజుకి సుమారు 86 జీబీ. అంటే 1 టీబీ డిస్క్‌లో 11 రోజులే ఉంటాయి.

తేదీ తప్పా?
కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ 1970కో, 2000కో వెళ్లిపోతోందంటే బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టే. ఇది చిన్న విషయం కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం వీడియోని సాక్ష్యంగా ఇవ్వాలంటే సర్టిఫికెట్ జత చేయాలి. టైమే తప్పుంటే మొదటి ప్రశ్న అక్కడే వస్తుంది.

బొమ్మ రావట్లేదా?
ఒక్క కెమెరాయే పోతే దాని కేబుల్‌ని వేరే పోర్టుకి మార్చండి. అక్కడా రాకపోతే తప్పు కేబుల్‌దో కెమెరాదో. మన తీరంలో ఉప్పుగాలికి కనెక్టర్లు చిలుం పడతాయి. రాత్రిపూట మాత్రమే ఆగిపోతుంటే అడాప్టర్‌ని అనుమానించండి. చీకట్లో ఐఆర్ లైట్లు వెలిగేటప్పుడు కరెంటు ఎక్కువ కావాలి.

కరెంటు పోతే?
2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకి మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి దానికి ఏదీ సరిపోదు కానీ, మామూలు కోతలకి చిన్న యూపీఎస్ చాలు. డీవీఆర్‌తో పాటు కెమెరాల అడాప్టర్‌నీ, రౌటర్‌నీ దానికే పెట్టండి.

పాస్‌వర్డ్ పాతదేనా?
2016లో ‘మిరాయ్’ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలు, డీవీఆర్‌ల్లోకే దూరింది. ఈ రోజే మార్చేయండి.

మోటారైతే దొరకలేదు. కొత్త డిస్క్ వేశాక నాన్నకి ప్లేబ్యాక్ చూడ్డం నేర్పాను. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆయనే ఫోన్ చేస్తారు: ‘‘రాత్రి రెండింటికి పిల్లొచ్చిందిరా, రికార్డయింది!’’