ఆర్ట్స్ వాళ్లకెందుకీ సైన్సు?

"దీనికంత చదవక్కర్లేదత్తా! పరీక్ష ముందు రోజు రాత్రి తిరగేస్తే చాలు" అంటూ పుస్తకాన్ని మంచం మీదికి విసిరేసింది మా అన్నయ్య కూతురు. ఇది 2022 నాటి మాట. అప్పుడది మా ఇంట్లో ఉండి బి.ఏ. చదువుతోంది. పుస్తకం పేరు 'హెల్త్ అండ్ హైజీన్'. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో డిగ్రీ సిలబస్ మార్చినప్పుడు జీవన నైపుణ్యాల పేరుతో పెట్టిన కోర్సుల్లో అదొకటి.

కోప్పడబోయి ఊరుకున్నాను. నేనేమైనా తక్కువ తిన్నానా? మా రోజుల్లో 'సైన్స్ అండ్ సివిలైజేషన్' అని ఓ పేపరుండేది. ఆర్ట్స్, కామర్స్ వాళ్లకీ కాస్త సైన్సు తెలియాలని పెట్టారు. మేమేం చేశాం? గైడు కొనుక్కుని, ముఖ్యమైన ప్రశ్నలకి టిక్కులు పెట్టుకుని, ఎవరేం కనిపెట్టారో బట్టీ కొట్టాం. పర్యావరణం పేపరుదీ అదే కథ. అది ప్రతి విద్యార్థీ చదవాలని సుప్రీంకోర్టు 1991లో చెబితే, డిగ్రీ వాళ్ల కోసం యూజీసీ ఆరునెలల సిలబస్ 2003లో తెచ్చింది. మా చేతికొచ్చేసరికి అదీ గైడే అయింది. రెండిట్లోనూ నాకు మంచి మార్కులే వచ్చాయి లెండి.

ఆ మార్కుల విలువ 2012లో తెలిసింది. మావాడికి రెండేళ్లు. విరేచనాలు పట్టుకున్నాయి. "నీళ్లు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయి" అన్నారు ఇంట్లో పెద్దవాళ్లు. నాకూ నిజమే అనిపించింది. లోపల పోసిందేగా బయటికొచ్చేది! దాహమని ఏడుస్తుంటే చెంచాతో పెదాలు తడిపి ఊరుకున్నాను. రెండో రోజు మధ్యాహ్నానికి వాడికి ఏడవడానికి కన్నీళ్లు కూడా రాలేదు. కళ్లు లోతుకి పోయాయి. ఆస్పత్రిలో సెలైన్ పెట్టడానికి నరం దొరక్క ఆ చిన్న చేతిని నాలుగుచోట్ల పొడిచారు. "ఏం చదువుకున్నావమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే "బి.ఏ." అని నేల చూపులు చూశాను.

ఆ సంగతి అప్పటిదాకా మా మేనకోడలికి చెప్పలేదు. ఆ రాత్రి చెప్పాను. తర్వాత ఇంట్లో ఉన్న ఓఆర్ఎస్ పాకెట్ తీసి దాని ముందు పెట్టాను. "ఇందులో ఉప్పెందుకో సరే, గ్లూకోజ్ ఎందుకో చెప్పు" అన్నాను.

"నీరసం తగ్గడానికి" అంది. ఎవరైనా అదే అంటారు. అసలు సంగతి వేరు. పేగు గోడలో ఉప్పుని లోపలికి లాక్కునే దారి ఒకటుంది. గ్లూకోజ్ తోడొస్తేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. ఉప్పు వెంట నీళ్లూ వెళ్తాయి. విరేచనాలవుతున్నా ఆ దారి మూతపడదు. ఈ చిన్న కిటుకుతోనే 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి కలరా రోగుల్ని బతికించారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగులోపుకి దిగాయి. తాగించింది చాలావరకు రోగుల బంధువులే! వాళ్లు ఏ బి.ఎస్సీ. చదివారు?

మర్నాడు అది మందుల షాపు నించి ఓ అట్టపెట్టె పానీయం తెచ్చింది. పైన పెద్దక్షరాలతో ఓఆర్ఎస్ అనే ఉంది. పాకెట్టునీ దాన్నీ పక్కపక్కన పెట్టి వెనకవైపు చదివాం. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. పెట్టెలో తీపి దానికి ఎన్నో రెట్లు. తీపి మరీ ఎక్కువైతే ఒంట్లో నీరే పేగుల్లోకి వచ్చి విరేచనాలు పెరుగుతాయి. గంటసేపు లెక్కలు వేసుకుంది పిల్ల. ఆ పుస్తకంతో అంతసేపు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

నా గొడవంతా ఇదే. ఆర్ట్స్ పిల్లలకి సైన్సు పెట్టడం మంచిదే. కానీ సైన్సు వాళ్ల పాఠాన్నే నీళ్లు కలిపి పల్చన చేసి పోస్తే ఎవరికి పనికొస్తుంది? రక్తపరీక్ష కాగితం చేతికిచ్చి చదవమనండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే ఆ క్లాసు బెంచీల మీదే ఎంతమందో! హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితే రక్తహీనత అని బోర్డు మీద రాసి వదిలేయకుండా, "నీదెంత?" అని అడగాలి. జ్వరం తగ్గింది కదా అని యాంటీబయాటిక్ మధ్యలో మానేసే ఇళ్లు ఎన్ని లేవు? అది పాఠం కాదా?

2023లో డిగ్రీ సిలబస్ మళ్లీ మారింది. మా మేనకోడలిప్పుడు ఉద్యోగం చేస్తోంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజనీ సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్లు లేని పానీయాల మీద ఓఆర్ఎస్ అనే మాట ఉండకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. ఆ రోజు పొద్దున్నే ఫోను.

"అత్తా, పేపరు చూశావా? మన అట్టపెట్టె!"

"చూశానే."

"ఆ పరీక్షలో నాకెన్నొచ్చాయో గుర్తుందా?"

నాకు గుర్తులేదు. దానికీ గుర్తులేదట.