పాత బోయింగ్ కాక్‌పిట్‌కి జీపీఎస్ పెట్టాలా, వద్దా? సిమ్యులేటర్ కట్టేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే!

హైదరాబాద్: గచ్చిబౌలిలోనో, కొండాపూర్‌లోనో ఫ్లాట్. పగలంతా కోడింగ్. వీకెండ్ వస్తే మాత్రం ఒక గదిలో విమానం కాక్‌పిట్! ఫ్లైట్ సిమ్యులేటర్ పిచ్చి పట్టుకుంటే అంతే. మొదట జాయ్‌స్టిక్‌తో మొదలవుతుంది. ఆ తర్వాత పెడల్స్, థ్రాటిల్ వస్తాయి. చివరికి పాత విమానం ప్యానెల్ ఒకటి కొనుక్కుని దానికి మళ్లీ ప్రాణం పోయాలనే దాకా వెళ్తుంది.

సరిగ్గా అక్కడే చాలామంది ఆగిపోతారు. సీట్లు, స్విచ్‌లు, లైట్లు అన్నీ అమరుతాయి. కానీ దారి చూపించే పరికరం ఏది పెట్టాలి? సూదులు తిరిగే పాత వీవోఆర్ మీటరా? లేక రంగుల తెర మీద మ్యాప్ చూపించే జీపీఎస్సా? ఈ ఒక్క నిర్ణయం మీదే మీ ఖర్చు, వైరింగ్, సాఫ్ట్‌వేర్, చివరికి మీరు ఎలా ఎగరాలన్నది కూడా ఆధారపడి ఉంటుంది. అందుకే ఒక్కో పరికరం ఎలా పనిచేస్తుందో, దేన్ని ఎవరు ఎంచుకోవాలో వివరంగా చూద్దాం.

హైదరాబాద్‌కి, పాత విమానాలకి లింకేంటి?

సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. కానీ హైదరాబాద్‌కి విమానాలతో ఉన్న బంధం అంతకంటే చాలా పాతది. 1945లో ఇక్కడ డెక్కన్ ఎయిర్‌వేస్ మొదలైంది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన సంస్థ అది. డీసీ-3 విమానాలు నడిపేది. 1953లో విమానయానాన్ని జాతీయం చేసినప్పుడు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన పైలట్ల శిక్షణ కేంద్రాన్ని కూడా బేగంపేట విమానాశ్రయం దగ్గర్లోనే నడిపింది. అంటే దేశీయ రూట్లలో తిరిగిన ఎంతోమంది పైలట్లు సిమ్యులేటర్‌లో చెమటోడ్చింది మన ఊళ్లోనే!

ఇప్పుడు కాలిన్స్ ఏరోస్పేస్, హనీవెల్ లాంటి కంపెనీల ఇంజినీరింగ్ కేంద్రాలు కూడా ఇక్కడే ఉన్నాయి. విమానాల నావిగేషన్ పరికరాల్లో ఈ రెండూ పెద్ద పేర్లు. కాబట్టి పాత కాక్‌పిట్‌ని బతికించాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి చోటు దొరకడం కష్టమే.

ముందు ఏడాది ఫిక్స్ చేసుకోండి

చాలామంది చేసే పొరపాటు ఏంటంటే, ముందు పరికరం చూసి మోజుపడతారు. ఆ తర్వాత విమానం గురించి ఆలోచిస్తారు. అది రివర్స్‌లో జరగాలి. మీ కాక్‌పిట్ ఏ విమానానిది? ఏ ఏడాదిలో ఎగురుతున్నట్టు అనుకుంటున్నారు? ఏ రూట్లో? ఈ మూడింటికి సమాధానం దొరికితే పరికరం దానంతట అదే తేలిపోతుంది.

1940ల డీసీ-3 అయితే ఏడీఎఫ్, దిక్సూచి, చేతిలో గడియారం. అంతే. 1970లు, 80ల్లో దేశీయ రూట్లలో తిరిగిన బోయింగ్ 737-200 అయితే వీవోఆర్, డీఎంఈ, ఏడీఎఫ్, ఐఎల్ఎస్. సముద్రాలు దాటే బోయింగ్ 747 అయితే ఐఎన్ఎస్. 1990ల చివర్లో మార్పులు చేయించుకున్న విమానం అయితే అప్పుడు జీపీఎస్ పెట్టినా తప్పు లేదు.

ఆప్షన్ 1: వీవోఆర్, డీఎంఈ, ఏడీఎఫ్

వీవోఆర్ అంటే నేల మీద ఉండే ఒక రేడియో స్టేషన్. అది రెండు సిగ్నళ్లు పంపుతుంది. ఒకటి అన్ని దిక్కులకీ ఒకేలా వెళ్తుంది. రెండోది లైట్‌హౌస్ దీపంలా సెకనుకు 30 సార్లు గుండ్రంగా తిరుగుతుంది. ఈ రెండింటి మధ్య తేడాని విమానంలోని రిసీవర్ కొలిచి, మీరు స్టేషన్‌కి ఏ దిక్కున ఉన్నారో చెప్తుంది. తూర్పున ఉంటే 90, దక్షిణాన ఉంటే 180. దీన్నే రేడియల్ అంటారు.

అయితే వీవోఆర్ దిక్కు మాత్రమే చెప్తుంది. ఎంత దూరంలో ఉన్నారో చెప్పేది డీఎంఈ. ఇక్కడో తిరకాసు ఉంది. డీఎంఈ చూపించేది నేల మీది దూరం కాదు, విమానం నుంచి స్టేషన్‌కి ఏటవాలుగా ఉండే దూరం. 30 వేల అడుగుల ఎత్తులో సరిగ్గా స్టేషన్ నెత్తి మీద ఉన్నా మీటర్ సున్నా చూపించదు. దాదాపు 5 నాటికల్ మైళ్లు చూపిస్తుంది! మీ సిమ్యులేటర్ ఇది చూపిస్తుందో లేదో చెక్ చేయండి. మంచి సాఫ్ట్‌వేర్‌కి అదో పరీక్ష.

ఇక ఏడీఎఫ్. దీని సూది నేరుగా స్టేషన్ వైపు తిరుగుతుంది. మీడియం వేవ్‌లో పనిచేస్తుంది కాబట్టి ఆకాశవాణి స్టేషన్‌ని కూడా పట్టుకోగలదు. హైదరాబాద్ ‘ఎ’ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ పెడితే వార్తలు వినపడతాయి, సూది కూడా ట్రాన్స్‌మిటర్ వైపు చూపిస్తుంది. కాకపోతే ఉరుములు, మెరుపులు ఉంటే సూది మేఘం వైపు కూడా ఊగిపోతుంది. వానాకాలంలో పైలట్లకి ఇదో తలనొప్పి.

ఈ సెట్‌లో మ్యాప్ ఉండదు. సూదులు చూసి పైలటే బుర్రలో మ్యాప్ గీసుకోవాలి. అందులో తేడా వస్తే ఏమవుతుందో చెప్పే విషాదం మన దగ్గరే ఉంది. 1991 ఆగస్టు 16న కోల్‌కతా నుంచి ఇంఫాల్ వెళ్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ 737-200 విమానం ల్యాండింగ్‌కి దిగుతూ కొండను ఢీకొట్టింది. అందులో ఉన్న 69 మందీ చనిపోయారు. చార్ట్‌లో ఉన్న విధానాన్ని పాటించకపోవడం, ముందుగానే మలుపు తీసుకోవడం ప్రమాదానికి కారణాలని దర్యాప్తు తేల్చింది. గడియారం చూస్తూ, సూది చూస్తూ, చార్ట్ చూస్తూ ఎగరడం ఎంత కష్టమో ఈ పాత సెట్ పెట్టుకుంటేనే తెలుస్తుంది.

ఆప్షన్ 2: ఐఎన్ఎస్

నేల మీద స్టేషన్లే లేని సముద్రం మీద వీవోఆర్ ఏం చేస్తుంది? అందుకే వచ్చింది ఇనర్షియల్ నావిగేషన్ సిస్టమ్. బయటి నుంచి ఏ సిగ్నల్ అక్కర్లేదు. లోపల గైరోలు, యాక్సిలరోమీటర్లు ఉంటాయి. విమానం ఎటు కదిలింది, ఎంత కదిలింది అని అవే లెక్కేసుకుంటాయి. 1971లో ఎయిరిండియాకు వచ్చిన జంబో జెట్‌లో ఉన్నది ఇదే.

అయితే దీనికి మొదట మీరెక్కడున్నారో చెప్పాలి. బేగంపేట అయితే 17 డిగ్రీల 27 నిమిషాల ఉత్తరం, 78 డిగ్రీల 28 నిమిషాల తూర్పు. 27 బదులు 37 కొట్టారనుకోండి, బయల్దేరకముందే 10 నాటికల్ మైళ్లు తప్పిపోయినట్టే! అలైన్‌మెంట్ పూర్తయ్యే వరకు విమానాన్ని కదపకూడదు. సుమారు పావుగంట పైనే పడుతుంది. ఆ కాలంలో బాగా వాడిన డెల్కో కరోసెల్ అనే మోడల్ ఒకసారికి 9 మజిలీలే గుర్తుపెట్టుకునేది. గంటకు ఒకటి రెండు మైళ్ల చొప్పున లెక్క కూడా పక్కకి జరిగేది.

పరికరం మంచిదైనా దాన్ని ఆటోపైలట్‌కి కలపడంలో తేడా వస్తే? 1983 సెప్టెంబర్ 1న కొరియన్ ఎయిర్‌లైన్స్ 747 దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లింది. దాన్ని కూల్చేశారు. 269 మంది చనిపోయారు. ఆటోపైలట్ ఐఎన్ఎస్‌ను అనుసరించకుండా ఒకే దిశలో వెళ్లే మోడ్‌లో ఉండిపోయిందని, సిబ్బంది దాన్ని గమనించలేదని తర్వాతి దర్యాప్తులో తేలింది. ఈ ఘటన తర్వాతే జీపీఎస్‌ను సామాన్య పౌర విమానాలకి కూడా ఉచితంగా ఇస్తామని అమెరికా ప్రకటించింది.

కాబట్టి ఐఎన్ఎస్ పెట్టేవాళ్లు బాక్స్ ఒక్కటే చూసుకుంటే సరిపోదు. ఆటోపైలట్ మోడ్ సెలెక్టర్ కూడా అసలు దానిలాగే పనిచేయాలి. లేకపోతే అది షోకేస్ బొమ్మే. దేశీయ రూట్ల 737-200కి మాత్రం ఇది అనవసరం.

ఒమెగా అనే మరో వ్యవస్థ కూడా ఉండేది. ప్రపంచవ్యాప్తంగా 8 భారీ ట్రాన్స్‌మిటర్లతో నడిచేది. 1997 సెప్టెంబర్ 30న దాన్ని ఆపేశారు. దాని ప్యానెల్ దొరికితే అలంకారానికి పెట్టుకోవచ్చు.

ఆప్షన్ 3: జీపీఎస్

ఇది అన్నింటికంటే తేలిక. తెర మీద గీత కనిపిస్తుంది, దాని మీద వెళ్తే చాలు. మరి పాత కాక్‌పిట్‌లో జీపీఎస్ పెట్టడం తప్పా? కాదు. పాత విమానాలు చాలావాటికి తర్వాతి రోజుల్లో జీపీఎస్ బిగించిన మాట నిజమే. పౌరులకి ఇచ్చే సిగ్నల్‌ని కావాలని మసకబార్చే పద్ధతిని అమెరికా 2000 మే నెలలో ఎత్తేశాక దీని వాడకం బాగా పెరిగింది.

ఇబ్బంది ఎక్కడంటే, ఒక్కసారి మ్యాప్ అలవాటైతే సూదుల వైపు చూడబుద్ధి కాదు. అంత కష్టపడి బతికించిన మీటర్లు పక్కన పడి ఉంటాయి. ఎక్కువసేపు ఎగిరేవాళ్లు, కొత్తగా నేర్చుకునేవాళ్లు ఉంటే ట్యాబ్‌లో విడిగా మ్యాప్ పెట్టుకోవడం మేలు. ప్యానెల్‌ని ముట్టుకోకుండా పని జరిగిపోతుంది. వద్దనుకున్నప్పుడు తీసి పక్కన పెట్టొచ్చు.

బేగంపేటా? శంషాబాదా? డేటాబేస్‌తో జాగ్రత్త!

ఇది చాలామందికి తట్టని విషయం. పరికరం పాతదే, కానీ సాఫ్ట్‌వేర్‌లోని నావిగేషన్ డేటా కొత్తది అయితే? విమానయాన డేటా ప్రతి 28 రోజులకోసారి మారుతుంది. 2008 మార్చిలో కమర్షియల్ విమానాలన్నీ బేగంపేట నుంచి శంషాబాద్‌కి మారిపోయాయి. బేగంపేట కోడ్ వీఓహెచ్‌వై, శంషాబాద్ కోడ్ వీఓహెచ్ఎస్. 1985లో ఎగురుతున్నానని చెప్పుకుంటూ శంషాబాద్‌లో దిగితే ఎలా? అప్పటికి అసలు ఆ ఎయిర్‌పోర్టే లేదు!

అందుకే పాత చార్ట్‌లు సంపాదించండి. వాటిలోని స్టేషన్లు, ఫ్రీక్వెన్సీలు మీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయో లేదో పోల్చి చూడండి. లేనివాటిని చేర్చుకునే వీలుంటేనే ఆ సాఫ్ట్‌వేర్ తీసుకోండి. ఎక్స్-ప్లేన్‌లో ఈ ఫైళ్లని మనమే మార్చుకోవచ్చు. ఫ్లైట్‌గేర్ అయితే పూర్తిగా ఉచితం.

అసలు మీటరా? నకలు మీటరా?

విమానం నుంచి తీసిన అసలు మీటర్ చూస్తే మనసు ఆగదు. కానీ అది మన ఇంటి కరెంటుతో పనిచేయదు. ఇంట్లో వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. పాత మీటర్లకి కావాల్సింది 115 వోల్టులు, 400 హెర్ట్జ్. అంటే విడిగా ఇన్వర్టర్ పెట్టాలి. సూదిని తిప్పే సిగ్నల్ కూడా కంప్యూటర్ భాష కాదు. సింక్రో అనే పాత పద్ధతిలో మూడు వైర్ల మీద వస్తుంది. దానికి మరో కన్వర్టర్ బోర్డు కావాలి.

నకలు అయితే పని సులువు. చిన్న స్టెప్పర్ మోటార్, ఒక ఆర్డుయినో బోర్డు, మోబీఫ్లైట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. విడిభాగాలకి కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. ప్యానెల్ కోయించాలన్నా, నాబ్‌లు త్రీడీ ప్రింట్ చేయించాలన్నా రాయదుర్గంలో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్ లాంటి చోట్ల ఆ మెషీన్లు ఉన్నాయి.

మధ్యేమార్గం ఏంటంటే, చేత్తో తిప్పే కంట్రోల్ ప్యానెల్స్ అసలువి కొనండి, సూదుల మీటర్లు నకలువి పెట్టండి. చేతికి తగిలేది అసలు అనుభూతి, కంటికి కనిపించేది కూడా దాదాపు అదే.

రెండు హెచ్చరికలు మాత్రం మర్చిపోవద్దు. ఒకటి, డీఎంఈ, ట్రాన్స్‌పాండర్ లాంటి అసలు రేడియో బాక్సులకి ఇంట్లో కరెంట్ ఇవ్వొద్దు. అవి సిగ్నల్ పంపుతాయి. లైసెన్స్ లేకుండా అలా చేయడం చట్టరీత్యా నేరం, పైన ఎగిరే విమానాలకి ఇబ్బంది కూడా. రెండు, 1940ల నాటి మీటర్లలో చీకట్లో మెరిసే రంగుకి రేడియం వాడేవారు. అలాంటివాటి అద్దం విప్పొద్దు, రంగు గీకొద్దు.

పాతదే కదా అని తీసిపారేయొద్దు!

ఇదంతా కాలక్షేపం అనుకుంటే పొరపాటే. జీపీఎస్ సిగ్నల్‌ని అడ్డుకోవడం, నకిలీ సిగ్నల్‌తో తప్పుదారి పట్టించడం ఇప్పుడు నిజమైన విమానాలకే సమస్యగా మారింది. 2023 నవంబర్‌లో డీజీసీఏ దీనిపై ఎయిర్‌లైన్స్‌ని అప్రమత్తం చేసింది. 2023 నవంబర్ నుంచి 2025 ఫిబ్రవరి మధ్య సరిహద్దు ప్రాంతాల్లో, ముఖ్యంగా అమృత్‌సర్, జమ్ము పరిసరాల్లో ఇలాంటివి 465 ఘటనలు నమోదయ్యాయని కేంద్రం పార్లమెంట్‌కి చెప్పింది. జీపీఎస్ పోతే పైలట్‌కి మిగిలేది ఏంటి? ఐఆర్ఎస్, వీవోఆర్, డీఎంఈ, ఐఎల్ఎస్. అంటే మీరు పాత కాక్‌పిట్‌లో నేర్చుకునే విద్యే!

మరి ఏది కొనాలి?

ఇండియన్ ఎయిర్‌లైన్స్ తరహా 737-200 కట్టేవాళ్లు రెండు వీవోఆర్‌లు, డీఎంఈ, ఏడీఎఫ్ పెట్టుకోండి. ఇదే అన్నింటికంటే తక్కువ ఖర్చు, ఎక్కువ నేర్పించే సెట్.

జంబో జెట్ కట్టేవాళ్లకి ఐఎన్ఎస్ తప్పనిసరి. బడ్జెట్ తక్కువైతే ఒక కీప్యాడ్‌తో మొదలుపెట్టి, మిగతావి తర్వాత కలపండి.

పిల్లలు, స్నేహితులు కూడా వచ్చి ఎగురుతారంటే పాత సెట్ అలాగే ఉంచి, పక్కన ట్యాబ్‌లో మ్యాప్ ఇవ్వండి.

ఏది ఎంచుకున్నా కొనేముందు ఒక పని చేయండి. అదే సెట్‌ని కంప్యూటర్ తెర మీద పెట్టుకుని హైదరాబాద్ నుంచి విజయవాడకి, మ్యాప్ చూడకుండా, సూదులతోనే ఓ పది సార్లు వెళ్లి రండి. పదోసారి కూడా మజా వస్తే అప్పుడు డబ్బులు పెట్టండి. రాకపోతే ఆ డబ్బులు మిగిలినట్టే!